కార్డులో ఉన్నదే జవాబా?

ప్రశ్నపత్రాలు తయారుచేసే నిపుణులకు, బిట్ బ్యాంకులు అచ్చువేసే ప్రచురణకర్తలకు, క్విజ్‌లు నడిపే పెద్దలకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టర్ని. ఇరవై మూడేళ్లుగా పిల్లల్ని వెంటేసుకుని క్విజ్ పోటీలకు తిరుగుతున్నాను. వెళ్లేటప్పుడు ఆర్టీసీ బస్సు వెనక సీట్లలో కూర్చుని దేశాలు, రాజధానులు వల్లె వేయించుకోవడం, వచ్చేటప్పుడు పోయిన ప్రశ్న గురించి ఊరొచ్చేదాకా కొట్టుకోవడం, ఇదీ మా యాత్ర. ఆ కొట్టుకోవడంలోంచే ఈ ఉత్తరం పుట్టింది.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లాస్థాయి పోటీ జరిగింది. ఆఖరి రౌండుకు వచ్చేసరికి మా పిల్లలూ, పక్క మండలం పిల్లలూ సమానంగా ఉన్నారు. "తెలుగులో తొలి కథ రాసినది ఎవరు?" అని అడిగారు. మా పదో తరగతి అమ్మాయి బజర్ నొక్కి, "భండారు అచ్చమాంబ" అంది.

"తప్పు" అన్నారు. ప్రశ్న అవతలి జట్టుకు వెళ్లింది. వాళ్లు "గురజాడ అప్పారావు" అన్నారు. చప్పట్లు. మా అమ్మాయి లేచి నిలబడి, "సార్, అచ్చమాంబ గారి ధనత్రయోదశి 1902లోనే వచ్చింది కదండీ, దిద్దుబాటు 1910 కదా" అంది. గొంతు వణికింది గానీ తేదీలు తడబడలేదు. క్విజ్ మాస్టర్ గారు చేతిలో కార్డు ఇటు తిప్పి చూపించి, "ఏం చెయ్యమంటావమ్మా, కార్డులో గురజాడ అనే ఉంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ కార్డు రాసింది ఆయన కాదు. ఎవరు రాశారో ఆయనకూ తెలియదు.

తిరుగు బస్సులో ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కాసేపు కిటికీలోంచి చూసి, "సార్, ఇకమీదట కార్డులో ఏముంటుందో అది చెప్పనా, నిజం చెప్పనా?" అని అడిగింది. నాకేం తోచలేదు. "టికెట్లు ఎవరి దగ్గరున్నాయి?" అని మాట మార్చేశాను.

ముందు ఆ ప్రశ్న సంగతే చూద్దాం. గురజాడ వారి "దిద్దుబాటు" 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. మనమంతా చిన్నప్పటి నుంచి అదే తొలి కథ అని చదువుకున్నాం. అచ్చమాంబ గారి "ధనత్రయోదశి" దానికి ఎనిమిదేళ్ల ముందు, 1902లో, హిందూ సుందరి పత్రికలో వచ్చింది. ఆవిడ కొమర్రాజు లక్ష్మణరావు గారికి అక్కగారు. ముప్పై ఏళ్లకే, 1905లో, కన్నుమూశారు. అచ్చయిన తేదీయే కొలత అయితే మా అమ్మాయి చెప్పిందే రైటు. అలా కాదు, వాడుక భాష, కథ నడిపిన తీరు, కొత్త చూపు అన్నీ కలిస్తేనే కథానిక అనాలి అంటే గురజాడ పక్షాన గట్టి వాదనే ఉంది. రెండు పక్షాలకూ చదువుకున్న పెద్దలు ఉన్నారు. ఇంకా నడుస్తున్న వాదాన్ని పిల్లల ముందు అయిదు సెకన్ల బజర్ ప్రశ్నగా పెట్టడం ఏమిటి? పెట్టాలనే ఉంటే "1910లో ఆంధ్రభారతిలో వచ్చిన గురజాడ కథ పేరేమిటి?" అని అడగొచ్చు. అప్పుడు పేచీ లేదు, పిల్లలకు పత్రిక పేరు కూడా తెలుస్తుంది.

నవల సంగతీ ఇంతే. తొలి తెలుగు నవల అనగానే వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము అంటారు. అది 1878లో వివేకవర్ధనిలో వరసగా వచ్చింది. కానీ నరహరి గోపాలకృష్ణమ సెట్టి గారి శ్రీరంగరాజ చరిత్ర 1872లోనే అచ్చయింది. తమాషా ఏమిటంటే ఈ ఇద్దరిలో ఒక్కరూ తమ పుస్తకాన్ని నవల అనలేదు. ఒకరు నవీన ప్రబంధం అన్నారు, ఇంకొకరు వచన ప్రబంధం అన్నారు. నవల అనే మాట తెలుగులో వాడుకలోకి వచ్చింది ఆ తర్వాత. రాసినవాళ్లే నవల అనుకోని పుస్తకాల్లో ఏది తొలి నవలో ఒక చిన్న గళ్లో టిక్కు పెట్టి తేల్చాలట!

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. లేకపోతే ఈ ఉత్తరం రాసే అర్హత నాకు లేదు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైందని నేను ఎన్నో ఏళ్లు పిల్లల చేత బట్టీ పట్టించాను. నా నోట్సులో ఎర్ర ఇంకుతో గీత గీసి మరీ ఉంది. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సార్ కాగితాలు తవ్వి తీసి, ఆ సినిమాకు సెన్సార్ అయిందే 1932 జనవరిలో అనీ, బొంబాయిలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అనీ చూపించారు. సెన్సార్ కాకుండా సినిమా ఎలా ఆడుతుంది? ఇంత చిన్న ప్రశ్న నాకు అన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. ఎందుకు తడుతుంది, అన్ని పుస్తకాల్లోనూ అదే తేదీ ఉంటే? నా చేత తప్పు తేదీ నేర్చుకుని, ఆ తప్పుతోనే బహుమతి తెచ్చుకున్న పిల్లలు ఎంతమందో. వాళ్లలో ఒకడు ఇప్పుడు పోస్టాఫీసులో పనిచేస్తున్నాడు. మొన్న కనిపిస్తే తేదీ మారిందిరా అని చెప్పాను. "అయితే కప్పు వెనక్కి ఇచ్చెయ్యాలా సార్?" అన్నాడు.

"మొదటి", "తొలి", "అతి పెద్ద", "అతి ఎత్తైన". అయ్యా, మీ పేచీలన్నీ ఈ నాలుగు మాటల్లోనే ఉన్నాయి. వీటి పక్కన ఒక షరతు రాయకపోతే ప్రశ్న కుంటిదవుతుంది.

"భాష ప్రాతిపదికన ఏర్పడిన తొలి రాష్ట్రం?" మన పిల్లాడు కళ్లు మూసుకుని ఆంధ్ర రాష్ట్రం, 1953 అక్టోబరు 1, రాజధాని కర్నూలు అంటాడు. ఒడియా పిల్లాణ్ణి అడగండి. ఒరిస్సా 1936 ఏప్రిల్ 1నే భాష ఆధారంగా వేరే ప్రావిన్స్ అయిందని అంటాడు. ఇద్దరూ రైటే. "స్వతంత్ర భారతంలో" అన్న రెండు మాటలు ప్రశ్నలో పెడితే గొడవే లేదు. ఆ రాష్ట్రం కోసం ప్రాణం ఇచ్చిన పొట్టి శ్రీరాములు గారు ఎన్ని రోజులు నిరాహారదీక్ష చేశారన్న దానికి కూడా ఒక పుస్తకంలో 56, ఇంకో పుస్తకంలో 58 ఉంటాయి. దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబరు 19న. పోయింది డిసెంబరు 15 రాత్రి. క్యాలెండర్ ముందేసుకుని వేళ్ల మీద లెక్కపెట్టండి. అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15. మొదటి రోజును కలిపితే 58, కలపకపోతే 57. మొదటి రోజునూ ఆఖరి రోజునూ రెండింటినీ వదిలేస్తే తప్ప 56 రాదు. మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో ఒక మనిషి రోజురోజుకీ కరిగిపోయాడు. ఆయన లెక్కలో రెండు రోజులు మింగేశాం.

"హైదరాబాద్ రాష్ట్రం తొలి ముఖ్యమంత్రి?" అన్నది తెలంగాణ పిల్లలకు పెట్టే ఉచ్చు. 1950లో ఎం.కె. వెల్లోడి అనే ఐసీఎస్ అధికారి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన్ను నియమించారు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు గారు వచ్చారు. ఆయన్ను ఎన్నుకున్నారు. ఒక్క మాట, "ఎన్నికైన" అన్న మాట, రాయడానికి బద్ధకిస్తే ఇద్దరు ముఖ్యమంత్రులూ ఆప్షన్లలో కొట్టుకుంటారు. ఆంధ్రప్రదేశ్ వైపు వస్తే ఇంకా చిక్కు. ఆంధ్ర రాష్ట్రానికి ప్రకాశం పంతులు గారు, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు నీలం సంజీవరెడ్డి గారు, 2014 విభజన తర్వాత చంద్రబాబు నాయుడు గారు. ముగ్గురూ ఏదో ఒక లెక్కన తొలివారే. రాజధాని ప్రశ్న జోలికి మాత్రం నేను పోను. నాకింకా కొన్నేళ్ల సర్వీసు ఉంది.

శిఖరాలదీ ఇదే తంతు. "మన దేశంలో ఎత్తైన శిఖరం" అంటే కాంచనగంగ, 8,586 మీటర్లు అని ఒక కీ. అది సిక్కిం, నేపాల్ సరిహద్దు మీద ఉంది. కే2, 8,611 మీటర్లు అని ఇంకో కీ. మన మ్యాపులో మనదే, కానీ పాకిస్తాన్ ఆక్రమణలో ఉంది. పూర్తిగా మన నేలలోనే నిలబడ్డది కావాలంటే ఉత్తరాఖండ్‌లోని నందాదేవి, 7,816 మీటర్లు. మన తూర్పు కనుమలకే రండి. ఒక గైడులో మహేంద్రగిరి, 1,501 మీటర్లు. ఇంకోదాంట్లో అర్మకొండ, 1,680. మరోదాంట్లో జిందగడ, 1,690. మూడు పుస్తకాలూ ఒకే షాపులో ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. మహేంద్రగిరి ఉన్నచోటే ఉంది. మిగతా రెండూ దానికంటే ఎత్తని రాసుకున్నాక కూడా పాత పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంది.

నదుల గురించి ఎక్కువ చెప్పను. నైలా, అమెజానా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లు ఉన్నారు. 2007లో బ్రెజిల్ పరిశోధకులు అమెజాన్ పొడవు దాదాపు 6,800 కిలోమీటర్లని అన్నారు. నది ఎక్కడ పుట్టిందో, సముద్రంలో ఎక్కడ కలిసిందో ముందు ఒప్పుకుంటే కదా టేపు పట్టుకునేది!

ఇక తేదీల జబ్బు. మన రాష్ట్రాల సంఖ్య 2014 జూన్ 2న 29 అయింది. 2019 అక్టోబరు 31న జమ్మూ కాశ్మీర్ విడిపోయి 28 రాష్ట్రాలు, 9 కేంద్రపాలిత ప్రాంతాలు అయ్యాయి. మూడు నెలలు తిరక్కుండానే, 2020 జనవరి 26న, దమణ్ దీవ్, దాద్రా నగర్ హవేలీ కలిసిపోయి ఆ 9 కాస్తా 8 అయింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 దసరా నాటికి 31, 2019 ఫిబ్రవరిలో 33. ఆంధ్రలో 13 ఉన్నవి 2022 ఏప్రిల్ 4న 26. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి పాలపిట్ట అని చదివిన పిల్లకు 2018లో అది రామచిలుక అయిందని ఎవరు చెప్పాలి? పాలపిట్ట తెలంగాణకు వెళ్లిపోయింది. దసరా నాడు పాలపిట్టను చూడటానికి ఇప్పుడు మనం సరిహద్దు దాటాలేమో అని ఒక పిల్లాడు అడిగాడు. పక్షికి సరిహద్దు తెలియదురా అన్నాను.

మన భాష సంగతి చూడండి. "దేశంలో ఎక్కువమందికి మాతృభాషగా ఉన్న భాషల్లో తెలుగుది ఎన్నో స్థానం?" 2001 జనాభా లెక్కల్లో మూడు. 2011 లెక్కల్లో మరాఠీ ముందుకు వచ్చి మనం నాలుగయ్యాం. 8 కోట్ల 11 లక్షల మంది. "ఏ లెక్కల ప్రకారం" అని రాయకుండా ఈ ప్రశ్న అడిగితే రెండు తరాల పుస్తకాలు చదివిన ఇద్దరు పిల్లల్లో ఒకరు ఓడిపోతారు. ఇద్దరిలో ఎవరూ తప్పు చదవలేదు. ప్రాచీన భాషలు ఎన్ని అంటే 2024 అక్టోబరు దాకా 6, తర్వాత 11. ఎవరెస్టు కూడా 8,848 దగ్గర ఆగలేదు. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి 8,848.86 అన్నాయి. కొండ నిజంగా పెరిగిందా, లెక్క మారిందా అన్నది ఇంకో క్లాసు.

అసలు లేనివాటి గురించి అడిగే ప్రశ్నలు మరీ విచిత్రం. మన జాతీయ క్రీడ ఏది? హాకీ. ఈ బిట్టు లేని పుస్తకం మీ దగ్గర ఒక్కటి ఉంటే నాకు పంపండి, డబ్బిచ్చి కొనుక్కుంటాను. 2012లో సమాచార హక్కు కింద అడిగితే కేంద్ర క్రీడా శాఖ, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని రాతపూర్వకంగా చెప్పింది. జాతీయ భాష హిందీ అన్నదీ అలాంటిదే. రాజ్యాంగం 343వ అధికరణ హిందీని కేంద్రానికి అధికార భాష అంది గానీ జాతీయ భాష అనలేదు. ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి, మన తెలుగుతో సహా. చంద్రుడి మీంచి చైనా గోడ కనిపిస్తుందన్నది ఇంకొకటి. 2003లో చైనా వ్యోమగామి యాంగ్ లివెయ్ భూమి చుట్టూ తిరిగి వచ్చి, అంత దగ్గర నుంచి చూసినా తనకు గోడ కనిపించలేదన్నాడు. గోడ కట్టిన దేశం మనిషే కనిపించలేదంటుంటే మన గైడ్లకు మాత్రం చంద్రుడి మీంచి కనిపిస్తూనే ఉంది.

ఇది ఎందుకు జరుగుతోందో మీకు నాకంటే బాగా తెలుసు. ఒక బిట్ బ్యాంకును చూసి ఇంకో బిట్ బ్యాంకు రాస్తారు. దాన్ని చూసి కోచింగ్ సెంటర్ మెటీరియల్ తయారవుతుంది. దాన్ని చూసి క్విజ్ కార్డు. అట్ట మారుతుంది, "సరికొత్త ఎడిషన్" అన్న ముద్ర పడుతుంది, లోపల పాలపిట్ట అలాగే ఉంటుంది. తప్పు కూడా పది చోట్ల కనిపించేసరికి నిజమై కూర్చుంటుంది. పిల్లాడు "అన్ని పుస్తకాల్లోనూ ఉంది సార్" అంటాడు. అవన్నీ ఒకే పుస్తకమని వాడికి ఎలా తెలుస్తుంది?

అమెరికాలో దీనికి ఒక పాత కథ ఉంది. ఫ్రెడ్ వర్త్ అనే ఆయన ట్రివియా విజ్ఞాన సర్వస్వం ఒకటి రాసి, అందులో కావాలనే ఒక అబద్ధం నాటాడు. కొలంబో అనే టీవీ డిటెక్టివ్ అసలు పేరు ఫిలిప్ అని. అది ఆయన కల్పించిన పేరు. ఎవరైనా తన పుస్తకాన్ని కాపీ కొడితే పట్టుకోవడానికి పెట్టిన ఎర. తర్వాత ట్రివియల్ పర్సూట్ అనే ఆట ఊరూరా అమ్ముడుపోయింది. ఆ ఆట కార్డుల్లో ఆ ఫిలిప్ ఉన్నాడు! ఆయన 1984లో 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు. ఆయన పుస్తకాన్ని వాడుకున్న మాట ఆటవాళ్లు ఒప్పుకున్నారు గానీ, వాస్తవాలకు ఎవరూ సొంతదారు కాదని కోర్టు దావా కొట్టేసింది. అబద్ధాన్ని వాస్తవాల లెక్కలో కలిపేశారన్నమాట. మన బిట్ బ్యాంకుల్లో ఇలాంటి ఎర ఎవరూ వేయనక్కర్లేదు. వేయకుండానే చేపలు పడుతున్నాయి.

క్విజ్‌లో పోయేది ఒక కప్పు, నాలుగు చప్పట్లు. ఉద్యోగ పరీక్షల్లో పోయేది ఏళ్లు. నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ముగ్గురితో కలిసి గది తీసుకుని నాలుగేళ్లు చదివాడు. ఒక నియామక పరీక్షలో ప్రాథమిక కీ వచ్చింది. వాడు రైటని పెట్టిన ఒక జీకే బిట్టు కీలో తప్పని ఉంది. పుస్తకం పేజీలు జిరాక్సు తీసి, గడువులోపల అభ్యంతరం పెట్టాడు. తుది కీలో ఏం చేశారంటే, ఆ ప్రశ్నను తొలగించి అందరికీ మార్కు కలిపారు. న్యాయం జరిగిందని మేము సంబరపడ్డాం. తర్వాత కూర్చుని లెక్కేసుకుంటే తెలిసింది. సరైన జవాబు తెలిసినవాడికీ ఒక మార్కు, తప్పు పెట్టినవాడికీ ఒక మార్కు, ఖాళీగా వదిలేసినవాడికీ ఒక మార్కు. వాడి తెలివి వాడికి ఏ పనికీ రాలేదు. వాడు ఒకటిన్నర మార్కు తేడాతో ఆగిపోయాడు. ఆ ఒక్క బిట్టు వల్లే ఆగిపోయాడని నేను అనను. కానీ ఆ రాత్రి వాడు ఫోన్ చేసి గంటసేపు ఆ బిట్టు గురించే మాట్లాడాడు.

కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారు. సుప్రీంకోర్టు 1983లోనే కాన్పూర్ యూనివర్సిటీ కేసులో దీని గురించి చెప్పింది. కీ సరైనదనే అనుకోవాలి, తప్పని స్పష్టంగా కనిపించాలి, లాగి పీకి వాదించి తప్పని నిరూపించడం కుదరదు అంది. అదే తీర్పులో, కీ తప్పని తేలినప్పుడు సరిగ్గా రాసిన విద్యార్థికి నష్టం చేయకూడదనీ అంది. అనుమానం ఉన్న ప్రశ్నను లెక్కలోంచి తీసేయమని కూడా సలహా ఇచ్చింది. 2017లో రణ్ విజయ్ సింగ్ కేసులో ఇంకాస్త గట్టిగా, అనుమానం ఉంటే దాని లాభం అభ్యర్థికి కాదు, పరీక్ష పెట్టే సంస్థకే అంది. న్యాయమూర్తులు జీకే మాస్టర్లు కారు కాబట్టి ఆ మాటలో అర్థం ఉంది. ఏటా పరీక్షలన్నీ కోర్టులో నానితే ఉద్యోగాలు ఎప్పుడిస్తారు? నేను దాన్ని తప్పు పట్టను. కానీ కోర్టు మీ మీద అంత నమ్మకం పెట్టినప్పుడు ఆ బరువు మీ భుజాల మీద పడ్డట్టే కదా. అనుమానం లాభం మీకే ఇచ్చినప్పుడు అనుమానం లేని ప్రశ్న అడగాల్సింది మీరే.

2024 నీట్ గుర్తుందా? పరమాణువుల మీద అడిగిన ఒక్క ఫిజిక్స్ ప్రశ్న. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం ఇంకో జవాబు. పరీక్ష పెట్టినవాళ్లు రెండింటికీ మార్కులు ఇచ్చారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లి, ఐఐటీ ఢిల్లీ నిపుణులు చూసి ఒకటే సరైనదని తేల్చాక, మొదటి ర్యాంకు వచ్చిన 61 మందిలో 17 మందే మిగిలారు. ఒక్క ప్రశ్న. అన్న పుస్తకం చదివిన తమ్ముడు, కొత్త పుస్తకం కొనుక్కున్న పక్కింటి పిల్లాడు. అన్న పుస్తకాలతో చదువుకునేది ఎలాంటి ఇళ్ల పిల్లలో నేను చెప్పాల్సిన పని లేదు. నా క్లాసులో సగంమంది వాళ్లే.

మీ పని తేలికని నేను అనడం లేదు. నేనూ ప్రశ్నలు రాస్తాను. యాభై ప్రశ్నలు రాయడానికి కూర్చుంటే ముప్పై దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నొప్పి పుడుతుంది, మెదడు పాత బిట్లవైపు లాగుతుంది. "సున్నాను కనిపెట్టినది ఎవరు?" అని రాసేస్తాం, "ఆర్యభట్ట" అని కీ పెట్టేస్తాం. సున్నాతో కూడికలు, తీసివేతలకు నియమాలు రాసింది 628లో బ్రహ్మగుప్తుడని తెలిసి కూడా రాసేస్తాం. తెల్లారితే ప్రింటింగ్‌కు ఇవ్వాలి కదా. రహస్యంగా, హడావుడిగా చేసే పని. నలుగురికీ చూపించి సరిచూసుకునే వీలు ఉండదు. అర్థమవుతుంది.

అయినా అడుగుతున్నాను. ప్రశ్న రాసేటప్పుడే కార్డు వెనక ఆ జవాబు ఎక్కడ దొరికిందో ఒక్క లైను రాయండి. ఏ పుస్తకం, ఏ సంవత్సరం ముద్రణ, ఎన్నో పేజీ. బిట్ బ్యాంకు చూసి రాస్తే బిట్ బ్యాంకు అనే రాయండి, సిగ్గుపడకండి. మారే సంఖ్య అడిగితే ఏ తేదీ నాటికో ప్రశ్నలోనే పెట్టండి. "తొలి" అని రాయగానే ఒక్క నిమిషం ఆగి, ఎక్కడ, ఏ లెక్కన అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు తేలకపోతే ఆ ప్రశ్న చింపేయండి, ఇంకో ప్రశ్న దొరక్కపోదు. తుది కీ ఇచ్చేటప్పుడు "తొలగించబడినది" అని ఒక్క మాట పడేసి పోకుండా ఎందుకు తొలగించారో రెండు ముక్కలు రాయండి. తప్పు మాదే అని రాసినా ఎవరూ మిమ్మల్ని చిన్నచూపు చూడరు. పిల్లల ముందు నేను భక్త ప్రహ్లాద తేదీ కొట్టేసి దిద్దిన రోజు క్లాసులో నా విలువ పెరిగిందే గానీ తగ్గలేదు. ఆ రోజు అందరూ నోట్సుల్లో దిద్దుకున్నారు, ఎర్ర ఇంకు అయిపోయింది.

క్విజ్ పెద్దలకు ఇంకొక్క మాట. హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ 1972 నుంచి క్విజ్‌లు నడుపుతోంది. క్విజ్‌ను అంతగా ప్రేమించేవాళ్లున్న రాష్ట్రాలు మనవి. పిల్ల లేచి "సార్, నా దగ్గర ఆధారం ఉంది" అంటే రెండు నిమిషాలు ఆపండి. వేదిక పక్కన ఒక బల్ల, దాని మీద నాలుగు మంచి పుస్తకాలు, చదువుకున్న ఒక మనిషి చాలు. రైటని తేలితే మార్కు ఇవ్వండి. రెండూ రైటని తేలితే ఇద్దరికీ ఇవ్వండి. భోజనాలు పది నిమిషాలు ఆలస్యమవుతాయి, అంతే.

మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సంక్రాంతి సెలవుల్లో బడికి వచ్చి, ఈ ఏడాది మా ఇంటర్-క్లాస్ క్విజ్‌కు ప్రశ్నలు తనే రాసింది. నలభై కార్డులు. ప్రతి కార్డు వెనక పెన్సిల్‌తో పుస్తకం పేరు, పేజీ నంబరు. "తొలి" అన్న మాట ఉన్న కార్డు ఒక్కటే కనబడింది. అది తెలుగులో తొలి కథ గురించిన ప్రశ్నే. వెనక ఇద్దరి పేర్లూ రాసి, "ఎవరు ఏది చెప్పినా ఎందుకో అడగాలి, కారణం చెబితే మార్కు" అని బ్రాకెట్లో పెట్టింది. ఆ రోజు బస్సులో అడిగిన దానికి నేను జవాబు బాకీ ఉన్నాను గానీ, తను ఇంకా ఎదురుచూస్తున్నట్టు కనిపించలేదు.

ఈ ఉత్తరంలో నేను తేదీలు, సంఖ్యలు చాలానే రాశాను. ఏదైనా తప్పనిపిస్తే పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా రాయండి. వచ్చే సోమవారం ప్రార్థన తర్వాత పిల్లలందరి ముందు చదివి దిద్దుకుంటాను. శ్రీరాములు గారి 58 రోజుల విషయంలో మాత్రం క్యాలెండర్ కూడా తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక సోషల్ మాస్టరు